వంపులో మూడంగుళాలు

1979లో నన్ను విశాఖపట్నం రేవు పక్కనున్న ఒక సైడింగుకు, అంటే మెయిన్ లైన్నుంచి చీలిన పక్క లైనుకు, పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా వేశారు. పట్టాలు, స్లీపర్లు, వాటి కింది కంకర సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే ఉద్యోగం అది. తమాషా ఏమిటంటే, నేను చేరిన మూడో నెలకే ఆ లైను మూసేశారు. పూర్వం కొండరాయి మోయడానికి వేసిన రెండు కిలోమీటర్ల లైను. రాయి అవసరం తీరిపోయింది. పట్టాలు పీకించి స్టోర్సుకు అప్పజెప్పాక, ఆ కట్ట మీద సిమెంటు దారి వేయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. రైల్వే క్వార్టర్లవాళ్ళు పొద్దునా సాయంత్రం షికారు నడవడానికట.

రైలు లేని లైనుకు ఇన్‌స్పెక్టరేమిటని తోటివాళ్ళు ఆటపట్టించారు. నాకు రోషమొచ్చింది. వేసేదేదో చెయ్యి పెడితే జారేంత నున్నగా వేయిద్దామనుకున్నాను, వేయించాను కూడా. దూరం చెప్పే రాళ్ళనూ, డ్రైవరు కూత వేయాల్సిన చోటు చెప్పే పసుపు పలకనూ పీకనివ్వలేదు. నెల తిరక్కుండానే సాయంత్రాలు అక్కడ తిరునాళ్ళలా ఉండేది. రిటైరైన పెద్దలు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. సైకిలు నేర్చుకునేవాళ్ళంతా అక్కడికే చేరేవారు. పసుపు పలక దగ్గరికి రాగానే గుమాస్తాలూ ఆఫీసర్లూ కూడా సిగ్గు విడిచి ‘కూ’ అనేవారు. చూసి పొంగిపోయాను.

నా తప్పు వంపు దగ్గర ఉంది. రైలు వంపు తిరిగేటప్పుడు బయటికి తూలకుండా, బయటి పట్టాను లోపలి పట్టాకన్నా ఎత్తులో పెడతాం. దాన్ని కేంట్ అంటాం. ఆ వంపులో అది మూడంగుళాలు. సిమెంటు వేసేటప్పుడు కట్టను చదును చేయించాల్సింది పోయి, కొలిచి మరీ ఆ ఎత్తును అలాగే ఉంచాను. కూలీల మీద పెద్ద, మా గ్యాంగ్ మేట్ అప్పలరాజు అప్పుడే అడ్డుపడ్డాడు.

“రైలే రాదు కదా బాబూ, ఈ ఎత్తు ఏటికి?”

వంపన్నాక కేంట్ ఉండాల్సిందే, నువ్వు నాకు నేర్పకు, నోరు మూసుకో అన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి, అదీ అంతే.

ఇంతకీ ఆ దారి మేం కొత్తగా కనిపెట్టింది కాదు. పట్టాలున్న రోజుల్లోనూ జాలరిపేట ఆడవాళ్ళు చేపల తట్టలతో ఆ కట్ట మీదుగానే మార్కెట్టుకు వెళ్ళేవారు. రోడ్డున పోతే రెట్టింపు దూరం. ఎండెక్కితే చేప మెత్తబడుతుంది, బేరం పోతుంది. వానలు మొదలైన ఒక ఉదయం వాళ్ళలో నూకాలమ్మ అనే ఆమె తట్టతో సహా ఆ వంపులో పడింది. కుడి మణికట్టు విరిగింది.

షికారుకు వచ్చినవాళ్ళే ఆమెను ఆసుపత్రికి చేర్చారు. మర్నాడు వాళ్ళే అర్జీ పెట్టారు. చేపల నీళ్ళకు దారి జారుతోంది, కంపు కూడా భరించలేకపోతున్నాం, తట్టలవాళ్ళను రానివ్వకండి అని. మా ఇంజనీరుగారు స్థలం చూసి రిపోర్టు రాయమని నన్ను పంపారు. దారిలో లోపం లేదని నేను రెండు ముక్కలు రాస్తే చాలు, ఆ ఆడవాళ్ళకు అడ్డంగా గేటు పెట్టేస్తారు.

రాసేముందు నూకాలమ్మను చూడ్డానికి పేటకు వెళ్ళాను. కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఇరవయ్యేళ్ళబట్టి తట్ట మోత్తన్నాను బాబూ. కంకర మీద నడిసినాను, స్లీపర్ల మీద నడిసినాను, ఒక్కనాడూ పడనేదు. నీ రోడ్డే ఒక పక్కకి తోసేత్తన్నాది,” అంది.

కంపు మాట చెబితే పకపకా నవ్వింది. “తినేటప్పుడు నేని కంపు మోసేటప్పుడు వచ్చీసిందేటి?” వెంటనే నవ్వు ఆపి, “గేటేసీత్తే మేమేటైపోవాల?” అని అడిగింది. సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం అప్పలరాజును వెంటబెట్టుకుని, వంపులో దారికి అడ్డంగా పొడవాటి చెక్క పరిచి, వాలు చూపే స్పిరిట్ లెవెల్ పెట్టాను. మూడంగుళాలు, ఎక్కువా తక్కువా లేకుండా. చేతులూపుకుంటూ నడిచేవాళ్ళకు ఆ వాలు తెలియదు. రోజూ నడిచిన నాకే తెలియలేదు. నెత్తిన బరువున్న మనిషి కాళ్ళకేసి చూసుకోలేదు. మెడ నిలిపి, నేల సమంగా ఉందన్న నమ్మకంతో అడుగేస్తుంది. పక్కన నిలబడ్డ అప్పలరాజు చెక్క ఎత్తి భుజాన వేసుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

లోపం దారిది, కేంట్ ఉంచమన్నది నేను, తట్టలవాళ్ళను ఆపాల్సిన పని లేదు అని రాసి సంతకం పెట్టాను. ఇంజనీరుగారు రెండుసార్లు చదివి, ఇది నీ సర్వీసు రికార్డులో పడుతుంది, తెలుసా అన్నారు. తెలుసన్నాను. పడింది. లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. గేటు మాత్రం రాలేదు.

వంపును తవ్వించి చదునుగా వేయించాను. ఈసారి తడి సిమెంటు మీద చీపురుతో గీతలు గీయించి గరుకు చేయించాను. అప్పలరాజు సరేనన్నాకే కూలీలను ఇళ్ళకు పంపాను. కొన్నాళ్ళకు నూకాలమ్మ మళ్ళీ తట్టతో వచ్చింది. మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది, తట్టకు ఎడమ చెయ్యి ఆన్చుకుంది. వంపు దాటాక ఆగింది.

“ఇప్పుడు తొయ్యట్నేదు బాబూ,” అని వెళ్ళిపోయింది.

తర్వాతి సర్వీసులో ఎన్నో వంపులకు కేంట్ పెట్టాను, అవన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. పట్టా వేసేటప్పుడు దాని మీద వచ్చే బండి వేగమెంతో అడుగుతాం. దారి వేసేటప్పుడు నడిచేవాళ్ళ నెత్తిన ఏముందో అడగాలి. నేను అడగలేదు. ఈ ఎత్తు ఎందుకని అడిగినవాణ్ణి నోరు మూసుకోమన్నాను.