లేని దొడ్డికి తూర్పు వాకిలి

దయ్యం అనే మాట వినబడితే ఇంట్లో అందరి మీదా అరిచేవాణ్ణి నేను. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే చిరాకు.

పందొమ్మిది వందల యాభైల చివర, పాలమూరు జిల్లా. అన్నదమ్ముల పంపకంలో నా వంతుకు ఒక చెలక, వానాధారపు చేను, వచ్చింది. అప్పటిదాకా బీడు. ఎర్రనేల, చదును, చెట్టూ గట్టూ లేవు. దున్నించి, గొర్ల మంద పెట్టమని మల్లయ్యను పిలిచాను. మా బాపు కాలం నుంచి మా చేలల్లో గొర్లను పడుకోబెట్టేది అతనే. ఆ పెంటికలే మాకు ఎరువు. అది లేకుంటే జొన్న రాదు, ఇంట్లో ఏడాది తిండి ఉండదు.

మందను రోజుకో చోట పెట్టమంటే, తెల్లారి చూస్తే రోజూ ఒకే చోట. చెలక నడుమ గుండ్రంగా పెంటికలు, ఆ గుండ్రం బయట ఒక్కటి లేదు.

ఆరో రోజు పట్టపగలు నేనే కట్టె పట్టుకొని, ఆ గుండ్రం లోపలున్న మందను పడమటికి తోలాను. గుండ్రం అంచుకు రాగానే గోడ అడ్డమొచ్చినట్టు ఆగిపోయాయి. ఆ అంచు వెంబడే చుట్టూ తిరిగి, తూర్పున ఒకచోట ఒకదాని వెనుక ఒకటి బయటికి నడిచాయి. అక్కడ రాయి లేదు, కంప లేదు.

నాకు ఒళ్లు మండింది. "తిరుగుడు తప్పుతదని ఒక్కతాన పండుడు నువ్వే అలవాటు జేసినవ్. గింజలు తీసుకొని గిట్ల జేసుడు దొంగతనం గాదా?" అన్నాను.

"నేనేం జేయలే పటేలా. నా మాట ఇంటలేవు. గీ జాగల ఏదో ఉన్నది," అన్నాడు మల్లయ్య.

ఆ మాటతో ఇంకా రేగిపోయి, మందతో సహా వెళ్లగొట్టాను.

ఆ ఏడు వానలు మొఖం చాటేశాయి. జొన్న ఎండింది. ఒకరోజు పక్క గుట్టెక్కి చూస్తే, ఎండిన చేను నడుమ బారెడు వెడల్పు పచ్చటి పట్టీ గుండ్రంగా తిరిగి ఉంది, తూర్పున చిన్న సందు. ఎరువు పడ్డందుకే అన్నాడు మా బామ్మర్ది. ఎరువు పడ్డది లోపల. లోపలా ఎండిపోయింది. పచ్చగా ఉన్నది అంచు ఒక్కటే.

మక్తల్ దిక్కు పాతకాలపు బూడిద దిబ్బలు తవ్వుతున్న పురావస్తు శాఖ ఆఫీసరును బతిమాలి తీసుకొచ్చాను. కింద పూడిపోయిన కందకం ఉందని, అందులో తడి నిలిచి పైరు పచ్చగుందని, వేల ఏళ్ల కింద ఇక్కడ మనుషులు చుట్టూ కందకంతో పశువుల దొడ్డి కట్టుకొని బతికారని, తూర్పు సందు దాని వాకిలని చెప్పాడు. మరి గొర్లకెట్ల తెలిసిందని అడిగితే, అది మా శాఖ కాదన్నాడు.

మల్లయ్య ఇంటికి పోయాను, మందతో మళ్లీ రమ్మని అడిగాను. "దొంగన్నవ్ గద పటేలా," అని లోపలికి పోయాడు.

మరుసటి ఎండాకాలం వేరే ఊరి కాపరిని పిలిచాను. వాళ్ల గొర్లు మా శివారు ఎన్నడూ తొక్కలేదు. అతనికి నేనేమీ చెప్పలేదు. మంద పడమటి నుంచి వచ్చింది, ఆగింది, చుట్టూ తిరిగి తూర్పు నుంచి ఒక్కొక్కటిగా లోపలికి పోయింది.

కాపరి నా దిక్కు తిరిగి, "ఏం జేసినవ్ పటేలా నా గొర్లను?" అని అరిచాడు.

ఏమీ చేయలేదని ఒట్టేశాను. నమ్మలేదు. మందను మళ్లించుకొని పోయాడు.

ఆ గొర్లకు ఎవరు చెప్పారో ఇన్నేళ్లయినా నాకు అంతు పట్టలేదు. మల్లయ్య మాత్రం కన్ను మూసేదాకా నాతో మాట్లాడలేదు.