ఆకాశంలో ఏమీ జరగనివ్వని మనిషి

కెప్టెన్ నర్సింగం ఇక లేడన్న దుర్వార్త మొన్న మంగళవారం ఉదయం వినబడగానే కామాఠిపుర గల్లీలన్నీ నిశ్చేష్టమయ్యాయి. వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ మహనీయుడికి జనం అర్పించిన నివాళి అది అని రాయబోయాను గానీ, వాహనాలు ఆగింది నీళ్ల ట్యాంకరు సందుకు అడ్డం తిరిగినందుకు. నిశ్చేష్టుణ్ణయింది నేను. ముందురోజు సాయంత్రం, ఒంటిగది కాపురాలు వరుసగా ఉండే మా చాల్ గ్యాలరీలో నా పక్కన కూర్చుని నా కోతలకు కడుపుబ్బ నవ్విన మనిషి, నిద్రలోనే దాటిపోయాడు. వయసులో నాకన్నా ఎంతో చిన్నవాడు. ముందు వెళ్లవలసింది నేను.

అతని తాతలు పాలమూరు నుంచి తట్టా పారా పట్టుకొచ్చి ఈ మహానగరానికి గోడలు లేపినవారు. ఆ వంశాంకురం విమానం నడపడం నేర్చి, నేర్పడానికే ఆయుష్షంతా వెచ్చించాడు. విదర్భ వైపు ఒక చిన్న శిక్షణ కేంద్రంలో, ఇద్దరే పట్టే బుల్లి విమానాల్లో, విద్యార్థి పక్కన కూర్చునే కొలువు. పెద్ద పెద్ద కంపెనీలు కాళ్లావేళ్లా పడ్డా పోలేదని నాగ్‌పాడా దాకా చాటింపు వేశాను. ఎవరూ కాళ్ల మీద పడలేదు. అతనికి నేర్పడం ఇష్టం, అంతే. విరమణ తర్వాత తండ్రి ఉన్న గదికే తిరిగొచ్చాడు.

అతనికి జీవితమంతా ఒకటే చింత: గాలిలో రెండు విమానాలు ఢీకొనకూడదు. నేర్చుకొనే పిల్లలంతా ఒకే మైదానం చుట్టూ తిరుగుతారు. లేస్తారు, చుట్టొస్తారు, దిగుతారు, మళ్లీ లేస్తారు. ఎవరెక్కడున్నదీ రేడియోలో చెప్పుకోవాలి, కళ్లతోనూ వెతుక్కోవాలి. ఆ కళ్లకేమో రెక్కలు అడ్డం. రెక్కలు పైనున్న విమానానికి తన పైన ఎగిరేది కానరాదు. రెక్కలు కిందున్నదానికి తన కింద ఎగిరేది కానరాదు. ఇది నాకు తలకెక్కించడానికి ఒకనాడు నా నెత్తిన బట్టల మూట పెట్టి మెట్లెక్కమన్నాడు. మా ఆవిడ చేతికి పెద్ద పరాత్ పళ్లెం ఇచ్చి, ఎదకు హత్తుకొని పైనుంచి దిగమన్నాడు.

"గిప్పుడు మీ ఇద్దరు ఎంత నిదానంగ నడిచినా గుద్దుకుంటరు, చిన్నమ్మా" అన్నాడు.

"పెండ్లయిన కాడికెల్లి గుద్దుకుంటనే ఉన్నం, నర్సింగం. గిది కొత్తగ నేర్పాల్నా?" అంది మా ఆవిడ.

దాదర్‌లో మన తెలుగువారు ఒకసారి అతనికి శాలువా కప్పి సన్మానించారు. సభలో ఒక ఉత్సాహి లేచి, "ఎన్నిసార్లు మృత్యుముఖం దాకా వెళ్లొచ్చారు సార్?" అని గంభీరంగా అడిగాడు. "ఒక్కసారి గూడ పోలే. అందుకే శాలువా కప్పుకోనీకి ఈడ ఉన్న" అని కూర్చున్నాడు. సభ నిరుత్సాహపడింది. వేదిక మీద నేను మరీ నిరుత్సాహపడ్డాను; అతనికి ముందు మాట్లాడింది నేనే, మూడు గండాలు వర్ణించి ఉన్నాను.

మా మనుమరాలు శ్రావణి అతని శిష్యురాలైంది. ఒంటరిగా విమానం ఎగరేసే రోజు దగ్గరపడింది. నాకు ఆత్రం ఆగక, ఎగరేసిందనే చెప్పి చాల్ అంతా పేడాలు పంచాను. ఆ వారమే పిల్ల ఫోనులో ఏడ్చింది. "తాతా, సార్ నన్ను ఒక్కదాన్ని పంపనన్నడు."

జరిగింది ఇది. దిగడానికి మలుపు తిరగబోతుండగా, ముందు మరొక విమానం ఉన్నట్టు రేడియోలో వినబడింది. "కనబడ్డదా?" అని గురువు అడిగాడు. "కనబడ్డది సార్" అంది శిష్యురాలు. "ఎక్కడ?" అంటే వేలు చూపించింది. అక్కడ మబ్బు తప్ప మరేమీ లేదు. అతను వెంటనే విమానాన్ని తన చేతిలోకి తీసుకొని, పక్కకు తప్పించి పైకెత్తాడు.

ఆ తప్పు పిల్లది కాదు, మా మెట్లది. మా చాల్ మెట్ల మలుపు పట్టపగలే చీకటి. బరువుతో వచ్చేవారు "ఒస్తున్నా!" అని కేకేస్తారు. అవతలివారు తలెత్తకుండానే "చూసిన, రా!" అంటారు. అది మాకు మర్యాద. ఆ మర్యాదతో ఎన్ని బిందెలు సొట్టపోయాయో! పాలతోపాటు అబ్బిన ఆ మాటే పిల్ల నోట వచ్చింది.

నర్సింగం సెలవు మీద ఇంటికి రాగానే పట్టుకున్నాను. "అరే నర్సింగం, పేడాలు పంచిన్రా! నా ఇజ్జత్ కా సవాల్. ఒక్కసారి పంపు."

"పేడాలు తిన్నరు గద కాకా, అరిగిపోయినయ్."

"మీదికెల్లి నిన్ను జూసి భయపడి అన్నది బిడ్డ."

"నా కోపంతోని ఎవ్వరు సావరు. అది చూసిన అన్నదనుకో, ఆ మాట నమ్మి అవతలోడు బేఫికర్‌గ తన దారిన పోతడు. చూడలేదంటే ఆడు జర తప్పుకుంటడు." ఆపైన అడిగాడు: "నీ మాట నిజం గావాల్నా కాకా, నీ మనుమరాలు ఇంటికి రావాల్నా?"



కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే మలుపు, అదే ప్రశ్న. "కనబడ్తలేదు సార్" అంది శ్రావణి. "మరేం జేస్తవ్?" అన్నాడు. కనబడటం లేదని రేడియోలో చెప్పింది. తిరగడం మానుకొని, నేరుగా పోతూ రెక్క ఎత్తి వెతికింది. రెక్క చాటునుంచి ఆ విమానం జారుకుంటూ బయటికొచ్చింది. వెంట్రుకవాసిలో ప్రళయం తప్పిందని రాయాలని చేయి దురద పెడుతోంది. కానీ అది చాలా దూరంగా, చాలా ప్రశాంతంగా వెళ్లిందట. దిగగానే నర్సింగం సీటు పట్టీ విప్పుకొని నేల మీదికి దిగాడు. "పో బిడ్డా. ఒక్కదానివే పో" అన్నాడు.

సంస్మరణ రాసేవాడికి ఒక గండమో, ఒక అద్భుతమో చేతికందాలి. ఈ మనిషి నాకు ఏదీ మిగల్చలేదు. ఆ జీవితంలో చెప్పుకోదగ్గ ప్రమాదం ఒక్కటీ జరగలేదు. జరగకుండా చూడటానికే అతను నిత్యం మెడ తిప్పి వెతికాడు, చూడనిదాన్ని చూడలేదనడం పిల్లలకు నేర్పాడు. జరగనిదానికి విగ్రహాలు పెట్టరు. అందుకే అతని స్థానం ఖాళీ అయిందని కూడా లోకానికి తెలియదు. నాకు తెలుసు.

శ్రావణి ఇప్పుడు అదే విద్య నేర్పుతోంది. గురువు చివరి చూపు కోసం వచ్చి, అంత్యక్రియలన్నీ దగ్గరుండి జరిపించి, ఇవాళ మధ్యాహ్నం భోంచేసి నా మంచం ఆక్రమించింది. నోరు తెరుచుకొని గుర్రు పెడుతోంది. గుమ్మం దగ్గర నేల మీద కూర్చొని ఇది రాస్తున్నాను. నర్సింగం, నీ పేరున గొంతెత్తి ఒక శ్లోకం చదవాలని ఉంది. కానీ పిల్లకు నిద్రాభంగమవుతుంది. చేతులు మాత్రం జోడిస్తున్నాను.