అక్క ఇంట్లో ఐదున్నర గంటల తేడా

పోయిన వారం నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ కూడా ఎక్కించాను. లినక్స్‌లోంచి విండోస్‌లోకి మారగానే తెర మూలన ఉండే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయింది. ఈ తేడాతో నాకు పాత పరిచయం. సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. కానీ ఆ పూటంతా ఒకచోట కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్లడం, ఎందుకు వెళ్లానో మరిచిపోయి తిరిగి రావడం. చివరికి అక్కకు ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక ఏం కూర వండావని అడిగాను.

గోదావరిఖనిలో అక్క వాళ్ల క్వార్టర్‌లో ఉంటూ, రైల్లో మంచిర్యాల కాలేజీకి పోయి వస్తూ నేను ఎంసీఏ చదివాను. బావది బొగ్గుబాయిలో పని. మా వైపు గనిని బాయి అనే అంటారు. నా చదువు కోసం ఆయన ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. అక్క దానికి పసుపు కుంకుమ పెట్టింది, మౌసుకు కూడా విడిగా ఒక బొట్టు పెట్టింది. కిటికీ సందుల్లోంచి వచ్చే నల్లటి దుమ్ము పడకుండా తన పాత చీర చింపి తొడుగు కుట్టింది. తెర మీద టైం కనిపిస్తుంటే ఇంకొకటెందుకని, గోడ గడియారంలో సెల్ అయిపోయాక ఎవరూ కొత్తది వేయలేదు. ఇంట్లో అప్పటికి సెల్‌ఫోన్ లేదు.

ఆ కంప్యూటర్‌లో నేను రెండు సిస్టంలు పెట్టుకున్నాను. టైపింగుకు విండోస్, ప్రాజెక్టుకు లినక్స్. అప్పుడు మొదలైంది తంటా. విండోస్‌లో టైం సరిచేస్తే లినక్స్‌లో ఐదున్నర గంటలు ముందుకు దూకేది. లినక్స్‌లో సరిచేస్తే విండోస్‌లో అంతే వెనక్కి పడేది. నెల రోజులు రెండింటి మధ్యా తిరుగుతూ ముల్లు తిప్పుతూనే ఉన్నాను. కారణం వెతకాలని రోజూ అనుకునేదాన్ని. రేపు చూద్దాంలే అని రోజూ వదిలేసేదాన్ని.

అక్కకు గడియారమంటే బావ షిఫ్టే. మొదటి షిఫ్టు పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా. నాలుగు లోపల బావ స్కూటర్ చప్పుడు వినిపించాలి. నాలుగుంబావు అయితే అక్క వాకిట్లో ఉండేది, నాలుగున్నర అయితే వీధి చివర. పైగా ఆ మధ్యే బాయిలో బండ పడి మా వెనక వరసలో ఉండే ఒకాయన కాలు నుజ్జయింది. అప్పటినుంచి ఆమెకు అన్నం సరిగా సహించడం లేదు.

ఆ రోజు బావది మొదటి షిఫ్టు. బయట ముసురు. పొద్దున్నే దీపాలు వేసుకునేంత చీకటి. అక్క జ్వరానికి మాత్ర మింగి పడుకుంది. నేను లినక్స్‌లో పని చేసుకుంటూ పదకొండింటికి జిరాక్సు కోసం బజారుకు బయల్దేరాను. తెర మీద సాయంత్రం నాలుగున్నర అని ఉంది. చూశాను. వచ్చాక మారుద్దామని అట్లాగే వదిలేసి పోయాను. దారిలో వాన దంచింది, షాపులో ఇరుక్కుపోయాను.

ఒకటిన్నరకు ఇల్లు చేరేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క లేదు. పక్కింటి అవ్వ గొడుగేసుకొని వచ్చింది.

"మీ అక్క బాయి కాడికి ఉరికింది బిడ్డా. 'ఈయన ఇంక రాలే అవ్వా' అనుకుంట ఒకటే ఏడుపు. నాకేం సమజ్ కాలే."

లోపలికి చూశాను. తెర మీద రాత్రి ఏడు. అక్క నిద్ర లేచి చూసింది దీన్నే.

ఆటో దొరికించుకొని బాయికి పోయాను. కార్మికులు దీపాలు తీసుకునే గది కిటికీ ఊచలు పట్టుకొని నిలబడి ఉంది అక్క, నిలువునా తడిసిపోయి. లోపల ముసలాయన పాపం, అడిగినదానికి ఉన్నమాటే చెప్పాడు: "ఇంక ఎవలు పైకి రాలేదమ్మా. అందరు కిందనే ఉన్నరు." షిఫ్టు అయిపోయి నాలుగు గంటలైందని ఆమె అనుకుంటున్నట్టు ఆయనకెట్లా తెలుస్తుంది?

నన్ను చూడగానే అరిచింది. "ఒక్కరు పైకి రాలేదటనే! అందరు కిందనే ఉన్నరట!"

"అక్కా, ఇంక రెండు కూడ కాలే. కంప్యూటర్‌ల టైం తప్పు చూపెడుతున్నది."

నా చెయ్యి గుంజుకొని వాచీ చూసింది. నడుస్తోందో లేదోనని చెవి దగ్గర పెట్టుకొని విన్నది. తర్వాత చెంప మీద ఒక్కటి కొట్టింది.

"తప్పని తెలిసి ఎట్ల ఇడిసిపెట్టి పోయినవే?"

జ్వరముంది, ఇంటికి పోదాం పా అన్నాను. "మనిషిని చూసినంకనే" అని అక్కడి బల్ల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఏమీ జరగలేదని తెలుసు. అయినా ఆమె ఒళ్లు వణుకుతుంటే నాకూ భయం పట్టుకుంది. నిమిషానికోసారి వాచీ చూసుకున్నాను. లేచి గేటు దాకా పోయి వచ్చాను. ఎన్నిసార్లు తిరిగినా మూడు కాలేదు.

సైరన్ మోగాక ఒక్కొక్కరే పైకి వచ్చారు, అందరివీ ఒకటే నల్లటి ముఖాలు. ఆ గుంపులో బావను నడకను బట్టే గుర్తుపట్టింది అక్క. మమ్మల్ని చూసి ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఏమైంది? ఇంటి కాడ ఎవలకేమైంది?"

"ఏం కాలే" అంది అక్క, ముక్కు తుడుచుకుంటూ. "టైం ఎంతయిందో అడుగుదామని అచ్చినం."

సంగతంతా విన్నాక బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పెద్ద సదువు సదువుతున్నవ్ పిల్లా. ముందుగాల గా గడియారం సక్కజెయ్యి" అన్నాడు.

మర్నాడే మా ల్యాబ్ సార్‌ను అడిగాను. కంప్యూటర్ లోపల సెల్‌తో నడిచే చిన్న గడియారం ఒకటే ఉంటుందట. విండోస్ దాన్ని మన టైం అనుకుంటుంది. లినక్స్ లండన్ టైం అనుకొని ఐదున్నర గంటలు కలుపుతుంది. లినక్స్‌లో ఒక ఫైలు తెరిచి, లోపలి గడియారం లండన్ టైమేనా అన్నదానికి "అవును" అని ఉన్నచోట "కాదు" అని మార్చాను. రెండూ ఒకటే టైం చూపించాయి. నెల రోజుల బద్ధకం ఒక్క మాటతో తీరింది.

అక్కకు అదంతా వివరించి చెప్పాను. శ్రద్ధగా విని, "గా లండన్‌ల ఎవరి మొగడు బాయి దిగిండే?" అంది.

బావ రిటైరై చాలా కాలమైంది. మధ్యాహ్నాలు అక్క పక్కనే కుర్చీలో కునుకు తీస్తుంటాడు. అయినా మూడు దాటాక ఆమె వాకిట్లోకి వెళ్లి, ఒకసారి వీధి చివరి దాకా చూసి వస్తుంది. కొన్ని గంటలు మనిషి ఒంట్లో ఇంకిపోతాయి కాబోలు. వాటి పని తీరిపోయినా, తమ వేళకు వచ్చి పలకరించి పోతూనే ఉంటాయి.