కొండకు పోని గుండు

మా వియ్యపురాలు పోయింది. పోయిన వారం మా అబ్బాయి అత్తగారి ఊరు పలమనేరు నుంచి ఫోను చేసి చెప్పాడు. పొద్దున ఎనుము పాలు పిండి, అది తోకతో కొట్టిందని దాన్ని తిట్టి, కాఫీ తాగి, అరుగు మీద అట్లే ఒరిగిపోయిందట. తిట్టడం పూర్తయిందా అని అడగబోయి ఊరుకున్నాను. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు.

నేను మాటకారిని కాను. మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను, అదీ వెనక వరసలో. అయినా ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలి.

పదేళ్ళ కిందటి సంగతి. తిరుపతిలో మా ఇంట్లో ఉండగా నా కోడలికి, అంటే ఆమె కూతురికి, రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి, తర్వాత మందు ఎక్కించసాగారు. మనవరాలికి ఏడేళ్ళు, మనవడికి నాలుగు. పిల్లల ముందు జబ్బు పేరు ఎత్తకూడదని పెద్దవాళ్ళం ఒట్టు పెట్టుకున్నాం.

కోడలి జుట్టంతా రాలిపోయిన రోజు పిల్లల దగ్గర నేనొక్కడినే ఉన్నాను.

"అమ్మకు గుండెందుకు తాతా?" అన్నాడు మనవడు.

"కొండకు పోయి సామికి ఇచ్చేసిందిరా."

తిరుపతిలో ఇంతకంటే బాగా చెల్లే అబద్ధం లేదు. వీధిలోకి పోతే ముగ్గురిలో ఒకరికి గుండే.

"మరి లడ్డు యాడ?"

అది నేను ఆలోచించలేదు. పక్కింటామెను అడిగి అర లడ్డు తెచ్చి పెట్టాను.

కొన్నాళ్ళకు కనుబొమలు కూడా రాలాయి. "అవి గూడా ఇచ్చేసిందా?" అన్నాడు. పెద్ద మొక్కు అన్నాను. వాడు తల్లి మొహం చాలాసేపు చూసి, "రేపు చెవులు గూడా ఇచ్చేస్తాదా తాతా?" అన్నాడు.

నేను నవ్వాను. మనవరాలు నవ్వలేదు. అది తల్లి దగ్గరకు పోవడం మానేసి అప్పటికి వారమయిందట. నేను గమనించనే లేదు.

అంతలో వియ్యపురాలు పెరుగు క్యానుతో పలమనేరు బస్సు దిగింది. వచ్చిన పూటే స్నానాల గదిలో మనవరాలిని పట్టుకుంది. దాని చేతిలో కత్తెర, కింద ఒక జడ. ముందటేడు కొండ మీద గుండు చేయించబోతే అది గోల పెట్టి, క్షౌరం చేసే ఆయన చేయి కొరికి, జుట్టుతోనే దిగి వచ్చింది. తానివ్వని జుట్టుకు బదులు అమ్మ ఇచ్చిందని, అయినా కోపం తగ్గక స్వామి అమ్మను మంచాన పడేశాడని అది అనుకుంది.

"నాది గూడా ఇచ్చేస్తే అమ్మకు తగ్గిపోతాది అవ్వా" అని ఏడ్చిందట.

వియ్యపురాలు వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నా, నువ్వు దినానికి మాట్లాడేది నాలుగు మాటలు. ఆ నాలుగిట్లో ఇంత పెద్ద అబద్ధం యాడ పట్టించినావన్నా?"

నేను కండువా సర్దుకున్నాను.

"అమ్మా, మామనేం అనొద్దు" అంది కోడలు మంచం మీది నుంచి.

"ఏమన్నానే? మెచ్చుకుంటా ఉండా."

పిల్లలకు నిజం చెప్పేస్తానంది. మా అబ్బాయి "వద్దత్తా, పసిబిడ్డలు" అన్నాడు.

"సెప్పకపోతే వాళ్ళే ఏదో ఒకటి అల్లుకుంటారు నాయనా. వాళ్ళల్లుకునేది నిజం కంటే భయంగా ఉంటాది."

ఇద్దరినీ తల్లి మంచం మీదనే కూర్చోబెట్టింది. "మీయమ్మకు గడ్డ లేచింది. దాని పేరు క్యాన్సర్. కోసి తీసేసినారు. మిగిలిందేమన్నా ఉంటే సంపేదానికి మందు ఎక్కిస్తా ఉండారు. సెనక్కాయ సేన్లో కలుపుకు కొత్త కూలామె వస్తే గడ్డితోపాటు సెట్లు గూడా పీకేస్తాది సూడు, ఆ మందూ అంతే. అందుకే ఎంటికలు పోయినాయి. నువ్వు గుండు ఇయ్యనందుకు గాదు. నీ తమ్ముడు అన్నం పారేసినందుకూ గాదు."

"అమ్మ సచ్చిపోతాదా అవ్వా?" అంది మనవరాలు.

అది అడిగింది వియ్యపురాలి సొంత కూతురి గురించి.

"తెలీదమ్మా. బాగు సేయాలనే అందురూ సూస్తా ఉండారు. ఏదైనా గానీ, మీకు దాసిపెట్టం. నేనే సెప్తా." గొంతు వణకలేదు. పమిట కొంగు మాత్రం పిడికిట్లో నలిగిపోయింది.

అంతా విన్న మనవడు, "అయితే ఆ లడ్డు ఎవురిచ్చినారు?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను పెరుగు క్యాను లోపల పెట్టడానికి పోయాను.

కోడలికి తగ్గింది. ఉంగరాల జుట్టు వచ్చింది. నాకు మాత్రం పిల్లలకు నిజం చెప్పిన మర్నాటి సాయంత్రమే కళ్ళలో ఉంది. మెట్ల మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. కింది మెట్టు మీద కోడలు, పైన దాని కూతురు, ఆ పైన వియ్యపురాలు. ఆమె మనవరాలికి మిగిలిన ఒక్క జడ అల్లుతోంది. మనవరాలు తల్లి నున్నటి తలకు నూనె రాస్తోంది. ముందు భయంభయంగా ఒక్క వేలితో, తర్వాత రెండు అరచేతులతో.

"నువ్వూ రా అన్నా, నీ బట్టతలకు గూడా రాస్తాదిలే నీ మనవరాలు" అని పిలిచింది వియ్యపురాలు. సిగ్గుపడి లోపలికి పోయాను. నాలుగో మెట్టు ఖాళీగానే ఉండింది.