తలుపు దగ్గరి గిటారు

పోయిన నెల బెంగుళూరు నుంచి నాకొక కవరు వచ్చింది. అందులో ఒక సీడీ, ఒక కాగితం ఉన్నాయి. పదిహేనేళ్ల కింద నాచారంలోని మా షెడ్డులో కాసెట్టు మీద రికార్డు చేసుకున్న ఆరు పాటలను ఒక చిన్న కంపెనీవాళ్లు శుభ్రం చేయించి, గ్రామఫోను కాలం నాటి మాదిరి నల్లటి పెద్ద రికార్డుగా మళ్లీ తెస్తున్నారట. సీడీ విని, ఏ పాట ఎవరు కట్టారో కాగితంలో రాసి, సంతకం పెట్టి పంపమన్నారు. ఐదు పాటలతో నాకు పేచీ లేదు, అవి అందరం కలిసి కట్టినవే. చిక్కంతా మొదటి పాటతోనే. ఈ రికార్డు వస్తున్నదే ఆ పాట కోసం, ఆ పాట నాదేనని నేను పదిహేనేళ్లుగా ఇంట్లోవాళ్లకూ బంధువులకూ చెప్పుకుంటూ వచ్చాను. నాతోపాటు గిటారు వాయించినవాడు ఇవాళ దేశమంతా పేరున్న మనిషి. కంపెనీవాళ్లు ముందుగా అతనినే అడిగితే, ఆ పాటకెదురుగా ఏమీ రాయకుండా, పటేల్‌ను అడగండి, ఆయన ఏది రాస్తే అదే అన్నాడట. పటేల్ అంటే నేనే. ఆ కాగితం మూడు వారాలు మా భోజనాల బల్ల మీద ఉప్పు సీసా కింద ఉండిపోయింది.

హైదరాబాదులో కలిసిపోయిన ఉప్పల్ ఒకప్పుడు ఊరని నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. మా తాత ఆ ఊరికి పటేల్, అంటే ఊరి పెద్ద. ఇటు చిల్కానగర్ దాకా మన భూములేనని మా అమ్మ అనేది గాని, నాకు బుద్ధి తెలిసేనాటికి అందులో సగం ప్లాట్లయిపోయాయి, మిగతా సగం కోర్టు కాగితాల్లో ఉండిపోయింది. చివరికి నా చేతికి వచ్చినవి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు, మా నాయన దుబాయి నుంచి తెప్పించుకున్న కాసెట్ డెక్కు, నడుము వంచకుండా కూర్చునే అలవాటు. ఆ మూడింటితోనే నేను బ్యాండు పెట్టాను. డ్రమ్ములు మా అక్క భర్త, మా బావ వాయించేవాడు. ఒక గిటారు నాది. రెండో గిటారు, మా తాత కాలం నుంచి మా పొలాల్లో జీతమున్న మనిషి కొడుకుది. పొలాలు పోయాక ఆ పెద్దాయన నాచారంలోనే ఒక కంపెనీలో పనికి కుదిరాడు, కొడుకు లేతు మిషను మీద పని నేర్చుకున్నాడు. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న సీడీలు విని గిటారు పట్టుకున్నవాడు, తన స్పీకరు పెట్టెను తనే ప్లైవుడ్డు కోసి చేసుకున్నవాడు.

మేము వాయించిన సంగీతాన్ని స్టోనర్ రాక్ అంటారు. నిదానంగా, బరువుగా, ఒకే తుకడాను మళ్లీ మళ్లీ తిప్పి వాయించి వినేవాణ్ని మత్తులో ముంచడం దాని పద్ధతి. పేరులోనే గంజాయి వాసన ఉంది గాని మా షెడ్డులో ఉన్న మత్తల్లా సందు చివరి ఇరానీ హోటల్ ఛాయే. మా పాటల్లో మాటలు లేవు. ఒకసారి వినడానికి వచ్చిన మా అమ్మ పది నిమిషాలు ఓపికపట్టి, ఇంతకూ పాట ఎప్పుడు మొదలైతదని అడిగింది.

షెడ్డులో ఎవరు ఎక్కడుండాలో ఎవరూ చెప్పలేదు, అది దానంతటదే కుదిరింది. నడుమ కుర్చీలో నేను, నా ముందు మైకు. నా వెనక బావ. మా ఇంట్లో మా తాత ముందు, మా నాయన ముందు ఎవరు ఎక్కడ నిలబడేవారో మా అందరి ఒళ్లకూ తెలుసు కాబట్టి, అతను తన గిటారుతో తలుపు దగ్గర నిలబడేవాడు. ముందుకు రమ్మని నేను అనలేదు, వస్తానని అతను అనలేదు. ఆరేళ్లు అట్లాగే వాయించాం.

ఆ తలుపుకు ఎదురుగా పక్కవాళ్ల రేకులు కొట్టే ప్రెస్సు ఉండేది. పొద్దున నుంచి సాయంత్రం దాకా దాని మోటారు ఒకే శ్రుతిలో మూలుగుతుంటే, ప్రెస్సు దిగినప్పుడల్లా నేల అదిరేది. ఆ చప్పుడు ఆపమని నేను మూడుసార్లు వాళ్ల దగ్గరికి పోయాను, మూడుసార్లూ వాళ్లు మంచినీళ్లిచ్చి పంపారు. అతను మాత్రం ఒకరోజు తన గిటారు తీగలన్నీ వదులు చేసి, చేసి, ఆ మోటారు మూలుగు దాకా దించాడు. తీగలు ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయని నేను కసురుకుంటే నవ్వాడు.

"దాంతోని కొట్లాడుడెందుకు పటేలా. గది ఎట్ల పోతే గట్ల పోదాం."

ఇష్టం లేకుండానే నేనూ నా తీగలు దించాను. ఆ తర్వాత నెలకు అటూ ఇటూగా ఆ మొదటి పాట పుట్టింది. ఎట్లా పుట్టిందని అడిగితే, నేను కుర్చీలో కూర్చుని వాయిస్తుంటే వచ్చిందని చెప్పేవాణ్ని. అబద్ధం చెబుతున్నాననుకోలేదు. నాకు అట్లాగే గుర్తుంది.

రికార్డింగు మామూలు రోజుల్లో కుదిరేది కాదు, ప్రెస్సు ఊరుకోదు కదా. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ పిలుపు వచ్చిందంటే నాచారంలో ఒక్క మిషనూ తిరిగేది కాదు, రోడ్డు మీద ఒక్క లారీ కదిలేది కాదు. పొద్దున్నే ముగ్గురం నడుచుకుంటూ వచ్చి షెడ్డు షట్టరు సగం దించుకుని కూర్చునేవాళ్లం. దేశమంతటిలో బంద్ రోజున ఒళ్లువంచి పనిచేసేది మనమే బామ్మర్దీ అని మా బావ నవ్వేవాడు. మా నాయన డెక్కుకు రెండు మైకులు. ఒకటి నా ముందు, రెండోది డ్రమ్ములకని తలుపు వైపు రేకుల దూలానికి వేలాడదీశాం. ఆరు పాటలు అట్లా నాలుగైదు బందుల్లో పూర్తయ్యాయి. వాటికి కాసెట్టు నకళ్లు తీసి తెలిసినవాళ్లకు పంచే పని నాదే. నకలు తీసేటప్పుడు తలుపు వైపు మైకు శబ్దం బాగా తగ్గించేవాణ్ని, గరగర ఎక్కువుందని. ఆ గరగర అతని గిటారే.

ఆ నకళ్లలో ఒకటి చేతులు మారి మారి బెంగుళూరులో సంగీత కచేరీలు పెట్టించే ఒకాయనకు చేరింది. మమ్మల్ని వినడానికి ఆయన నాచారం వచ్చాడు. వచ్చిన మనిషికి మర్యాదగా నా పక్కన కుర్చీ వేయించాను, మొదటి పాట మొదలుపెట్టాం. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఆయన లేచి, తన కుర్చీ తనే ఎత్తుకుని, నా ముందు నుంచే నడిచిపోయి తలుపు దగ్గర వేసుకుని కూర్చున్నాడు. పాట అయిపోయేదాకా ఆయన వీపే నాకు కనపడింది. నా చేతులు వాయిస్తూనే ఉన్నాయి. మా ఇంటి భూములు పోయినప్పుడు నేను చిన్నవాణ్ని, పోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

బెంగుళూరుకు పిలుపు అతనొక్కడికే వచ్చింది. ఆ మాట చెప్పడానికి వచ్చి, తీగలు తుడుచుకుంటూ, నన్నూ పిలవమని వాళ్లను అడుగుతానని ఏదో అనబోయాడు. నేను అననీయలేదు.

"షెడ్డు మాది, డెక్కు మాది. నువ్వు మా పాట పట్టుకొని పోతవా? మా నాయిన ముంగట మీ నాయిన ఎన్నడన్న కూసున్నడా?"

అతను తుడవడం ఆపి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాట నీదే అను పటేలా, నేనేం కాదంటలేను. మా నాయిన ముచ్చట మాత్రం తియ్యకు."

అంతే అన్నాడు. వారానికి పోయాడు. తన చేత్తో చేసుకున్న స్పీకరు పెట్టె మాత్రం షెడ్డులోనే వదిలేశాడు, నేను దాన్ని చాలాకాలం ఛాయ గ్లాసులు పెట్టుకోవడానికి వాడాను. ఇక నువ్వొక్కడివే వాయించు, నేను కూర్చుని చప్పట్లు కొడతానని మా బావ కూడా రావడం మానేశాడు.

తర్వాతి సంవత్సరాల్లో అతని పేరు పెరగడం చూస్తూ నేను ఎట్లా బతికానో రాస్తే బాగుండదు గాని, ఈ వయసులో దాచి చేసేదేమీ లేదు. అతని కొత్త పాటలు వచ్చిన రోజునే వినేవాణ్ని, బాగాలేవని తేల్చుకోవడానికి. అవి బాగుండేవి. రాష్ట్రం వచ్చిన ఏడాది షెడ్డు అమ్మేసి, ఆ కాగితాల పని మీద తిరుగుతూ ఉప్పల్ రింగురోడ్డులో పోచారం బస్సు కోసం నిలబడ్డ సాఫ్ట్‌వేరు కుర్రవాళ్లలో ఒకడి చొక్కా మీద అతని బ్యాండు బొమ్మ చూశాను. అతను మొదట వాయించింది మా షెడ్డులోనే అని చెబుదామని రెండడుగులు వేసి, అడిగితే నేనెవరని చెప్పాలో తోచక వెనక్కి వచ్చేశాను. అసలు కాసెట్లు నా బీరువాలోనే ఉన్నాయి. ఈ కంపెనీవాళ్లు వాటి కోసం మా బావను పట్టుకుంటే, ఇస్తాను, ఇవ్వను అని రెండు నెలలు తిప్పించి ఇచ్చాను. అసలు కాసెట్టు బయటికి వస్తే పాట నాదని లోకానికి తెలుస్తుందన్న నమ్మకమే నా చేత ఇప్పించింది.

సీడీని మా బావ ఎదుటే పెట్టి విన్నాను. శుభ్రం చేసినవాడెవడో మేమెవరమో తెలియనివాడు, ఎవరి తాత ఎవరో తెలియనివాడు. రెండు మైకులనూ సమానం చేసి పెట్టాడు. ఎడమ స్పీకరులో నేను, కుడి స్పీకరులో అతను. పాట కుడివైపు మొదలవుతున్నది. ప్రెస్సు దిగినట్టు అతని దెబ్బ పడుతున్నది, అది పడ్డాక, విని, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా నా గిటారు అందుకుంటున్నది. ప్రతి తిప్పుకూ అంతే. ఒక్కచోటైనా నేను ముందు పోయానేమోనని మూడుసార్లు విన్నాను. ఎక్కడా లేదు. ముందు కూర్చున్నవాణ్ని నేను, ఆరేళ్లూ తలుపు దగ్గరివాణ్ని విని, వాడి వెంట నడిచాను. నన్ను నేను అబద్ధమాడుతుండగా పట్టుకున్నట్టయింది.

మా బావ సీడీ ఆపి అన్నాడు.

"నాకు గప్పుడే ఎర్కనే బామ్మర్దీ. డ్రమ్ములోన్ని గద, ఎవని దెబ్బ పట్టుకొని కొట్టాల్నో తెల్వదా?"

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నీ ముందు ఎవరు చెబుతారన్నాడు.

ఆ మరునాడు పొద్దున కాగితం ముందేసుకుని పెన్ను తీశాను. మొదటి పాటకెదురుగా అతని పేరు రాయడం మొదలుపెట్టి ఆగిపోయాను. పూర్తి పేరు రాయాలని కింద ఉంది. అతని ఇంటిపేరు నాకు తెలియదు, రికార్డుల మీదా అతను ఒట్టి పేరే వేసుకుంటాడు. మా ఇంట్లో పుట్టి పెరిగినట్టు తిరిగినవాడు, ఆరేళ్లు నాతో వాయించినవాడు, ఎప్పుడూ తండ్రి పేరు చెప్పి వాడి కొడుకనేవాళ్లం, అంతకన్నా ఎప్పుడూ అక్కరపడలేదు. మా బావకూ తెలియదు, అతని ఫోను నంబరు మాత్రం ఉంది. పదిహేనేళ్ల తర్వాత నేను అతనికి చేసిన మొదటి ఫోను, నీ ఇంటిపేరేంది అని అడగడానికి.

 అవతల అతను నవ్వాడు.

"మీ తాత రాసిన జీతం కాయితాల్ల ఉంటది, సూడు పటేలా."

ఆ తర్వాత తనే చెప్పాడు, నేను రాసుకున్నాను. ఎందుకని అడగలేదు, ఎందుకో నేనూ చెప్పలేదు. ఇంకా వాయిస్తున్నావా అని అతను అడిగితే వాయిస్తున్నానన్నాను, నిజానికి నా గిటారు ఏళ్లుగా అలమారా మీద ఉంది. వాళ్ల నాయన గురించి ఆనాడు అన్నదానికి తప్పయిందన్న మాట నోటిదాకా వచ్చింది. సిగ్గుపడి, ఆయన బాగోగులు మాత్రం అడిగాను. ఆయన పోయి నాలుగేళ్లయిందట. నాకెవరూ చెప్పలేదు.

కాగితం పంపేశాను. ఈర్ష్య పోయిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది గాని అది పోలేదు. ఇదివరకు అతనికి వచ్చిన పేరును చూసి కుళ్లేవాణ్ని, ఆ పేరు దొంగదనుకునే సుఖమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. మన చిన్నతనంలో ఉప్పల్లో ఎవరైనా ఆపి ఎవరి పిల్లవాడివని అడిగేవాళ్లు, మా తాత పేరు చెబితే అరుగు మీది మనుషులు సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆ అరుగులూ లేవు, అడిగేవాళ్లూ లేరు, మా తాత పేరు చెప్పినా తెలిసినవాళ్లు లేరు. ఇవాళ నేనెవరో ఎవరికైనా చెప్పుకోవాలంటే నాకు ఒక్కటే దారి ఉంది, ఫలానా ఆయనతో ఒకప్పుడు వాయించినవాణ్నని చెప్పుకోవడం. మొన్న మా కాలనీలో ఒక కుర్రవాడి దగ్గర మొదటిసారి ఆ మాట అన్నాను. ఆ కుర్రవాడు నా వంక చూసి, కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డాడు.