సగం జొన్నరొట్టె

రెండువేల మూడులో అనుకుంటాను, ధ్యాన శిబిరం ముగించుకుని ఇంటికి వస్తున్నాను. ప్రతి ముద్దనూ ముప్పై రెండుసార్లు నమలాలని అక్కడ నేర్పారు. రైల్లో చపాతీ అలాగే తింటున్నాను. కోసిగిలో ఎక్కి ఎదుట కూర్చున్నామె కూడా ఎండు జొన్నరొట్టెను కళ్ళు మూసుకుని నిదానంగా నములుతోంది. నాకు ముచ్చటేసింది.

"ఇంత నిదానం ఎవరు నేర్పారమ్మా?" అన్నాను.

"కరువప్పా. మిరపకాయలు కోసేకి గుంటూరు పక్క సుగ్గికి వలస పోతాండాం. ఆడ కూలి చేతికొచ్చేదాకా ఈ రొట్టెలే. బిరబిరా మింగితే కడుపు ఇంగోటి అడుగుతాది. నమిల్తా ఉంటే ఊరుకుంటాది."

కాసేపు నన్నే చూసి, చేతిలోని రొట్టెను విరిచి సగం నా చేతిలో పెట్టబోయింది.

"నువ్వు గూడ అట్లే తింటాండావు. మీ పక్క గూడ వానల్లేవా?"

నా సంచిలో ఇంకా నాలుగు చపాతీలున్నాయి.