లాంచీలో జంతికల డబ్బా

మొన్న విశాఖలో విహార నౌక ఎక్కుతుంటే గేటు దగ్గరి మనిషి మా జంతికల సంచి లాక్కుని, "బయటి తిండి ఎలౌ చెయ్యరండీ" అంటూ పక్కన పడేశాడు. సంచి చిరిగి వాము వాసన గుప్పుమంది. నా కోపం చూసి సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గింది. కానీ అంతకన్నా పెద్ద కోపం నాకు ఎనిమిదో ఏటే వచ్చింది.

నాయనమ్మతో భద్రాచలం వెళ్తూ గోదావరిలో లాంచీ ఎక్కాం. నర్సీపట్నం నుంచి ఆవిడ మోసుకొచ్చిన జంతికల డబ్బాలో ఓ చిన్న సంసారం కాపురం పెట్టొచ్చు. రేవు దాటగానే మూత తీసి పంచడం మొదలెట్టింది. ముందు పరాయి పిల్లలకి, తర్వాత వాళ్ల అమ్మలకి, ఆఖరికి లాంచీ నడిపేవాడికీ పెట్టింది. నా వంతుకి అడుగున గుండ మిగిలింది. ఆవిడకి నాకంటే ఆ జనమే ముద్దని నాకు తేలిపోయింది.

"మనవన్నీ ఆళ్లకెందుకెట్టేసినావే?" అని అరిచాను.

"ఎదర పిల్లలు సూస్తంటే మన గొంతు దిగుతాదేటిరా?"

"నాకు బాగానే దిగుతాది!"

లాంచీ అంతా నవ్వింది. వెంటనే అందరూ తమ మూటలు విప్పారు. పులిహోర, సున్నుండలు, అరటిపళ్లు నా ముందుకొచ్చాయి.

"బేగి తినీరా బాబూ" అంటూ ఒకావిడ ముద్ద నోటిదాకా తెచ్చింది. నేను దవడలు బిగించాను. సాయంత్రం దాకా విప్పలేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండేది నా మీదే. ఆ రోజు లాంచీలోంచి ఆకలితో దిగినవాణ్ణి నేనొక్కణ్ణే.